హిస్టారిక్, హిస్టారికల్: బొబ్బిలి వ్యాసంలో ఏది ఎక్కడ?

నమస్కారమండీ. కళాశాల సంచికకు మీరు ఇంగ్లీషులో రాసిన వ్యాసంలో బొబ్బిలి యుద్ధానికి ముందున్న ‘హిస్టారికల్’ను సంపాదకులు ‘హిస్టారిక్’గా దిద్ది, ‘హిస్టారికల్ రికార్డ్స్’ను మాత్రం అలాగే ఉంచారు కదా, ఆ రెండూ సరైనవే.

చరిత్రలో ముఖ్యమైనదిగా నిలిచిన సంఘటనకు, స్థలానికి ‘హిస్టారిక్’ వాడతారు. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ తన సేనలతోనూ విజయనగరం రాజుతోనూ కలిసి బొబ్బిలి కోటను ముట్టడించిన ఘట్టం అటువంటిదే. 1713లో పునాది పడిన విజయనగరం కోటకూ ఆ మాటే నప్పుతుంది. గతానికి లేదా చరిత్ర అధ్యయనానికి సంబంధించినదంతా, ముఖ్యమైనా కాకపోయినా, ‘హిస్టారికల్’. పాత ఎస్టేటు కచేరీలో ధాన్యం లెక్కలు రాసిన చిట్టా చరిత్రకు ఆధారమే గాని చరిత్రను మలుపు తిప్పినది కాదు గనుక దానికి ఈ రెండోదే తగును.

అయితే ‘హిస్టారికల్ బ్యాటిల్’ వ్యాకరణరీత్యా తప్పేమీ కాదు. బుర్రకథల్లో వినే బొబ్బిలి కథ వేరు, నిజంగా జరిగిన యుద్ధం వేరు అని చెప్పదలచుకున్న చోట అదే కావాలి. మీ వాక్యం యుద్ధ ప్రాముఖ్యాన్ని చెబుతోంది కాబట్టి దిద్దక తప్పలేదు.

నవల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం: ఆ యుద్ధంపై అల్లిన నవల ‘హిస్టారికల్ నావెల్’ అవుతుంది; ‘హిస్టారిక్ నావెల్’ అంటే ఆ నవలే చరిత్ర సృష్టించిందన్న అర్థం వస్తుంది. క్రియావిశేషణం మాత్రం రెండింటికీ ‘హిస్టారికల్లీ’ ఒక్కటే.