జైలులో ఖైదీలు ఎందుకు కొట్టుకుంటారు?

పుట్టుకతోనే క్రూరులు కాబట్టి కొట్టుకుంటారన్న మాటను నేను ఒప్పుకోను. 2022 చివరికి దేశంలోని ఖైదీల్లో దాదాపు 76 శాతం మంది నేరం రుజువు కాని విచారణ ఖైదీలే. బెయిలు వచ్చినా పూచీకత్తు ఇచ్చే దిక్కులేక లోపలే ఉండిపోయినవారూ వారిలో ఉన్నారు. ఎప్పుడు బయటపడతామో తెలియకపోవడమే మనిషిని లోలోపల కాలుస్తుంది. జైళ్లేమో అప్పటికి సామర్థ్యంలో 131 శాతం నిండి ఉన్నాయి. అంత ఇరుకులో పడుకునే జాగా, నీళ్ల వంతు, చివరికి ఒక బీడీ కూడా కొట్లాటకు చాలు.

పైగా మే నెలలో బెజవాడ ఎండ! బాగా వేడిగా ఉన్న రోజుల్లో ఘర్షణలు పెరుగుతాయని అమెరికా జైళ్లపై జరిగిన పరిశోధనల్లో తేలింది. మద్యం హఠాత్తుగా ఆగిపోవడం, వైద్యం అందని మానసిక వ్యాధి, బయటి ముఠా కక్షలు కూడా కారణాలే. సిబ్బంది కొరత ఉన్నచోట చిన్న తగవును మొదట్లోనే ఆపేవారుండరు.