ఫినాయిల్ కాదు మాస్టారూ, జునిపర్!

ప్రశ్న: సార్, నేను రిటైరైన లెక్కల మాస్టార్ని. నెలకోసారి రెండు పెగ్గులు విస్కీ తీసుకునే అలవాటుంది. లండన్‌లో ఉంటున్న మా అల్లుడు ఈసారి వస్తూ నీలం సీసా తెచ్చాడు, బాంబే సఫైర్ జిన్. ఫ్రిజ్‌లో పెట్టి, ఐసు వేసుకుని ఒక గుక్క తాగానో లేదో ఫినాయిల్ వాసన! అల్లుణ్ని అడగలేను కదా. సరుకు మంచిదేనా? దీని రుచి ఎలా చూడాలి?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మాస్టారూ, సీసా బాగానే ఉంది, మీ ముక్కూ బాగానే ఉంది. ఇల్లు తుడిచే తెల్ల ఫినాయిల్‌లో పైన్ నూనె వాసన ఉంటుంది. జునిపర్ అనే పొద కాయలు లేనిదే జిన్ లేదు. ఆ జునిపర్ పైన్‌కి దూరపు చుట్టం, వాసనలోనూ ఆ చుట్టరికం తెలుస్తుంది. మనకి ఆ వాసన బాత్‌రూమ్‌లో తప్ప ఇంకెక్కడా తగలదు కాబట్టి మీకు ముందు అదే గుర్తొచ్చింది.

తప్పంతా ఫ్రిజ్‌ది. బాగా చల్లబడితే సున్నితమైన వాసనలు పైకి లేవవు, ఘాటైనదొక్కటే ముక్కుకి తగులుతుంది. కాబట్టి సీసా బయట పెట్టండి. ఇంట్లో ఇంగువ తాలింపు, అగరుబత్తి లేని వేళ చూసుకుని, చిన్న గ్లాసులో 20 మి.లీ. జిన్, అంతే మంచినీళ్లు పోయండి. నీళ్లు కలిస్తే స్పిరిట్ మంట తగ్గి వాసన విచ్చుకుంటుంది. ముక్కు గ్లాసులో దూర్చకుండా, నోరు కాస్త తెరిచి వాసన చూడండి. మొదట వచ్చేది జునిపరే. దాన్ని పోనిచ్చి, ఒక నిమిషం ఆగి మళ్లీ చూడండి.

ఇప్పుడు వంటింట్లోంచి పది ధనియాలు తెచ్చి అరచేతిలో నలపండి. వేయించకండి, పచ్చివే. ఒకసారి చెయ్యి, ఒకసారి గ్లాసు. నిమ్మలాంటి ఆ వాసన రెండింట్లోనూ దొరకాలి.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. ఇరవై రెండేళ్లు మసాలా నూనెల ఫ్యాక్టరీలో వాసన చూసి సరుకు ఓకే చేసే ఉద్యోగం చేశాను. ఆ గర్వంతో ఒక స్నేహితుడింట్లో టాంకరే లండన్ డ్రై అనే జిన్ వాసన చూసి, ఇందులో నిమ్మతొక్క ఉందని వెయ్యి రూపాయలు పందెం కాశాను. అందులో పడేవి నాలుగే: జునిపర్, ధనియాలు, ఏంజెలికా అనే మొక్క వేరు, అతిమధురం. రోజూ ధనియాల నూనె డబ్బాల మధ్య తిరిగినవాణ్ని ధనియాల్నే పోల్చుకోలేకపోయాను! మా ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.

మీ సీసాలో పది దినుసులున్నాయి. పక్కల మీద వాటి బొమ్మలు కూడా ఉంటాయి, చూడండి. ధనియాలు, బాదం, అతిమధురం, తోక మిరియాలు, నిమ్మతొక్క, దాల్చినచెక్క జాతిదే ఇంకో బెరడు... సగం మన పోపుల డబ్బా, సగం ఆయుర్వేదం కొట్టు. బీఫీటర్ అనే ఇంకో జిన్ వాళ్లు దినుసుల్ని స్పిరిట్‌లో 24 గంటలు నానబెట్టి బట్టీ పెడతారు. మీ బాంబే సఫైర్ వాళ్లు నానబెట్టరు. చిల్లుల రాగి బుట్టల్లో దినుసులు పెట్టి, స్పిరిట్ ఆవిరిని వాటి గుండా పోనిస్తారు. ఆవిరి కుడుము పద్ధతన్నమాట. అందుకే వాసన తేలిగ్గా ఉంటుంది.

చిన్న గుక్క నాలుక మీద తిప్పి, మింగి, ముక్కుతో గాలి వదలండి. చివర్లో గొంతులో మిరియాల చురుకు తగలాలి. తోక మిరియాల పని అది. అది దొరికాక ఇక ఐసు, టానిక్ వాటర్ (మందు కాదు, చేదు సోడా) మీ ఇష్టం. ఒక వంతు జిన్‌కి రెండు వంతుల టానిక్ మించకండి. నిమ్మరసం మాత్రం పిండొద్దు, పులుపు కింద అన్నీ అణిగిపోతాయి. తొక్క చీలిక చాలు.

ప్రశ్న: గోవాలో తయారైన జిన్ సీసా మీద 'లండన్ డ్రై' అని ఉంది. ఇది మోసం కాదా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కాదమ్మా. అది ఊరి పేరు కాదు, పద్ధతి పేరు. యూరప్ నిబంధనల ప్రకారం వాసనంతా బట్టీలోనే రావాలి, తర్వాత ఎసెన్సులు, రంగులు కలపకూడదు. పంచదార లీటరుకి 0.1 గ్రాము దాటకూడదు. 'డ్రై' అంటే తీపి లేనిదని. 2017లో వచ్చిన 'గ్రేటర్ దాన్' అనే జిన్ గోవా సరుకే, లండన్ డ్రైయే. మోసం సంగతి అడిగారు కాబట్టి చెప్తున్నా, అనుమానించాల్సిన మాట 'ప్రీమియం'. దానికి ఇలాంటి లెక్కేమీ లేదు, ఎవరైనా అచ్చేసుకోవచ్చు.

ప్రశ్న: మూత తీసిన జిన్ ఎన్నాళ్లుంటుంది? దాచిన కొద్దీ రుచి పెరుగుతుందా?
- ఇంకో పాఠకుడు, గుంటూరు

జవాబు: పెరగదు, సీసాలో పెట్టి మాగేయడానికి ఇది ఆవకాయ కాదు. పాడవదు గానీ వాసన తగ్గుతూ పోతుంది. మూత బిగించి, ఎండ తగలని చోట పెట్టి, ఏడాదిలోగా ముగించండి. సీసా సగం దాటి ఖాళీ అయితే ఇంకా ముందే.