ఇల్లు కట్టేది ఐదేళ్లకైతే ఇటుక ప్రహరీ ఇప్పుడెందుకు?

ప్రశ్న: పుణెలో ఉద్యోగం చేస్తున్నాను, 30 శాతం పన్ను స్లాబ్‌లో ఉన్నాను. హనుమకొండ శివారులో 200 గజాల ప్లాటు (36×50 అడుగులు) ఉంది. పక్కవాళ్లు ఇసుక, కంకర మా స్థలంలోనే పోస్తున్నారు. ఒక హద్దురాయి కూడా జరిగింది. ఇల్లు కట్టడానికి ఇంకా నాలుగైదేళ్లు పడుతుంది. ఇటుక ప్రహరీకి, గేటుకి కలిపి మేస్త్రీ 3.80 లక్షలు అడుగుతున్నాడు. చేతిలో 80 వేలున్నాయి. మిగతా 3 లక్షలు 14 శాతం వడ్డీకి పర్సనల్ లోన్ తీసుకోవాలా, అత్యవసరానికి దాచిన 3 లక్షల ఎఫ్‌డీ తీసేయాలా? ఇంకో సంగతి. అన్నయ్యకీ నాకూ ఉమ్మడిగా రోడ్డు పక్కన అరెకరం ఉంది. సిమెంటు ఇటుకల వ్యాపారి ఒకాయన మూడేళ్లకు అద్దెకు అడుగుతున్నాడు. కంచె, లారీ గేటు మేం పెట్టిస్తే నెలకు 12 వేలు, తనే పెట్టుకుంటే 9 వేలు ఇస్తాడట. పెట్టించడానికి మాకు 2.10 లక్షలవుతుంది.

జవాబు: లోనూ వద్దు, ఎఫ్‌డీ జోలికీ వెళ్లొద్దు. అలాగని ప్లాటును అలా వదిలేయమనడం లేదు. హద్దురాయి జరిగిందంటే చుట్టూ ఏదో ఒకటి ఉండాల్సిందే. అది ఇటుక గోడే కానక్కర్లేదు.

3 లక్షలు, 14 శాతం, మూడేళ్లు అంటే ఈఎంఐ దాదాపు 10,250 రూపాయలు. వడ్డీ ఒక్కటే 69 వేల చిల్లర. ఇంత పెట్టి కట్టిన గోడ ఐదేళ్ల తర్వాత ఏమవుతుందో చూడండి. ఇల్లు మొదలుపెట్టగానే జేసీబీ రావాలి, ఇసుక లారీ వెనక్కి రావాలి. ముందువైపు గోడ పగలగొట్టక తప్పదు. ఈలోపు కాలనీలో సీసీ రోడ్డు పడి ఎత్తు పెరిగితే మీ అయిదడుగుల గోడ నాలుగడుగులే కనిపిస్తుంది. కొత్త కాలనీల్లో ఇది నేను చాలాసార్లు చూశాను. ఇల్లు కట్టేటప్పుడు హోమ్ లోన్ ఎస్టిమేట్‌లోనే ప్రహరీ ఖర్చు చేర్పించమని ఇంజినీరుకు చెప్పండి. అప్పుడు అదే గోడ పర్సనల్ లోన్ కన్నా బాగా తక్కువ వడ్డీకి వస్తుంది.

ఇప్పటికి ప్రీకాస్ట్ గోడ, అంటే ముందే పోతపోసిన సిమెంటు పలకల గోడ చాలు. గాడి ఉన్న సిమెంటు స్తంభాలు పాతి, వాటి మధ్య పలకలు పైనుంచి దింపుతారు. అవసరమైనప్పుడు పలకలు ఊడదీసి ఇంకోచోట వాడుకోవచ్చు, అమ్ముకోనూ వచ్చు. ఇటుక గోడ కూల్చితే మిగిలేది ఇటుక ముక్కలే. మీ ప్లాటు చుట్టుకొలత 172 అడుగులు. ఆరడుగుల ఎత్తుకు 1,032 చదరపు అడుగులు. చదరపు అడుగుకు 100 రూపాయలు అనుకున్నా లక్ష దాటి కొంచెం. చిన్న గేటుతో కలిపి లక్షా పాతిక వేలు వేసుకోండి. మీ దగ్గరున్న 80 వేలు పోను కావలసింది 45 వేలు. కట్టాల్సిన ఈఎంఐనే అయిదు నెలలు పక్కన పెడితే వచ్చేస్తుంది. ఒక్క జాగ్రత్త. నేల నల్లరేగడైతే వానకు ఉబ్బి, ఎండకు బీటలిచ్చి స్తంభాలు ఒరుగుతాయి. గుంత లోతుగా తీసి, అడుగున కాంక్రీటు వేయమనండి. పలకల ధర కోసం కాదు, ఈ గుంతల కోసమే బేరం దగ్గర పట్టుబట్టాలి.

అన్నిటికన్నా ముందు సర్వేయర్‌తో హద్దులు కొలిపించండి. జరిగిన రాయి దగ్గరే గోడ వేస్తే, పోయిన స్థలాన్ని మీ డబ్బుతో మీరే రాసిచ్చినట్టు. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం ఇతరుల ఆధీనంలో ఉన్న స్థలాన్ని తిరిగి పొందడానికి దావా వేసే గడువు 12 ఏళ్లు. దూరాన ఉన్నవాళ్లకు ఆ 12 ఏళ్లూ ఇట్టే గడిచిపోతాయి. కంచె ఉన్నంత మాత్రాన హక్కు వచ్చేయదు. తేదీతో ఫొటోలు, ఖాళీ స్థలం పన్ను రసీదులు, ఏడాదికోసారి తీసిన ఈసీ (స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం) ఒక ఫైల్లో పెట్టుకోండి.

అదే ఫైల్లో గోడ బిల్లులు కూడా. శాశ్వతంగా ఉండే ప్రహరీ ఖర్చును స్థలం అమ్మేటప్పుడు మెరుగుదల ఖర్చు కింద లాభంలోంచి తగ్గించుకోవచ్చు. రెండేళ్లు దాటాక అమ్మితే పన్ను 12.5 శాతం. 2024 జూలై 23కు ముందు కొన్న స్థలమైతే ఇండెక్సేషన్‌తో (కొన్న ధరను ద్రవ్యోల్బణానికి తగ్గట్టు పెంచి లెక్కించి) 20 శాతం కట్టే వీలు కూడా ఉంది, రెండింటిలో ఏది తక్కువైతే అది. తర్వాత కట్టబోయే పెద్ద గోడకు ఇది బాగా పనికొస్తుంది. బిల్లు లేకుండా నగదు ఇచ్చి 'కొంచెం తగ్గించండి' అనుకుంటే ఈ ప్రయోజనం పోతుంది.

ఇక అరెకరం. కంచె మీరు పెట్టిస్తే అదనంగా వచ్చేది నెలకు 3 వేలు. ఖాళీ స్థలం అద్దెకు, ఇంటి అద్దెకు ఉన్నట్టు 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ రాదు. మీ అన్నయ్య కూడా మీ స్లాబ్‌లోనే ఉంటే పన్ను పోగా మిగిలేది దాదాపు 2,100. అంటే 2.10 లక్షలు వెనక్కి రావడానికి 100 నెలలు, ఎనిమిదేళ్లు దాటి. ఆ వ్యాపారి ఉండేది మూడేళ్లు. తర్వాతవచ్చేవాడికి ఈ కంచె నచ్చుతుందో లేదో. కాబట్టి 9 వేలకే ఇచ్చేయండి, కంచె ఆయన్నే పెట్టుకోనివ్వండి.

మీరే పెట్టించాలని మనసు లాగితే ఇవి తెలుసుకుని దిగండి. కంచెకు కట్టే తీగల అల్లిక జాలీకి గేజ్ నంబరు తగ్గేకొద్దీ తీగ మందం పెరుగుతుంది. 12 గేజ్ 2.64 మిల్లీమీటర్లు, 10 గేజ్ 3.25. చూపుకి పెద్ద తేడా ఉండదు కానీ 10 గేజ్‌లో ఇనుము ఒకటిన్నర రెట్లు. అడుగు లెక్కన కాదు, కట్ట బరువు ఎంతో అడగండి. ఆకుపచ్చ ప్లాస్టిక్ పూత ఉన్నదైతే పైమందం చెప్పి మురిపిస్తారు. లోపలి తీగ ఎంతో కొలిపించండి. జాలీకి ఉండే ప్రమాణం ఐఎస్ 2721, ముళ్లతీగకు ఐఎస్ 278. మనిషి కాపలా లేనిచోట ఇనుప యాంగిల్ స్తంభాలు వద్దు. అవి రాత్రికి రాత్రి పాత ఇనుము దుకాణం చేరతాయి. రాతి కడీలనో సిమెంటు స్తంభాలనో ఎవడూ ఎత్తుకుపోడు. పదడుగులకు ఒకటి చొప్పున నాటి, మూలల్లో ఏటవాలు సపోర్టులు తప్పకుండా ఇవ్వాలి. అవి లేకపోతే జాలీ బిగించగానే మూల స్తంభం లోపలికి వాలుతుంది.

లారీ గేటు 16 అడుగులైతే ఎనిమిదేసి అడుగుల రెండు రెక్కలు. బరువంతా బందుల మీద పడి, ఏడాదికి రెక్క కిందికి జారి నేలకు రాసుకుంటుంది. పక్కకు జరిపే గేటుకు ఆ బాధ లేదు కానీ, గోడ వెంట మరో 16 అడుగులకు పైగా ఖాళీ కావాలి. గేటును కిలోల్లో ధర చెబితే కాటా చీటీ చూశాకే డబ్బివ్వండి.

కంచె వ్యాపారే పెట్టుకుంటే ఒప్పందంలో ఒక వాక్యం రాయించడం మరిచిపోకండి: మూడేళ్లయ్యాక స్తంభాలు, జాలీ, గేటు ఆయన తీసుకెళ్తాడా, వదిలేస్తాడా, తీసుకెళ్తే గుంతలు పూడ్చేది ఎవరు? దాని మీద మీ అన్నయ్య సంతకం కూడా ఉండాలి.