‘నాన్న ఊరెళ్ళాడు’ అని చెప్పేశాం, ఇప్పుడెలా?

ప్రశ్న: నెలన్నర క్రితం మా తమ్ముడు గుండెపోటుతో పోయాడు. బాబుకి పదకొండేళ్ళు, పాపకి అయిదు. ఏడుస్తుందని పాపతో ‘నాన్న ఊరెళ్ళాడు’ అన్నాం. ఇప్పుడు వీధిలో బండి చప్పుడైతే చాలు, గేటు దగ్గరికి పరుగెడుతోంది. మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది. తలకొరివి పెట్టిన బాబు మాత్రం ఇంతవరకూ ఏడవలేదు. మా మరదలికి ఏం చెప్పమంటారు?
- ఒక మేనత్త

జవాబు: అమ్మా, పాపకి ఈ వారంలోనే నిజం చెప్పండి. ఊరెళ్ళిన మనిషి తిరిగి రావాలి. రాకపోతే నాన్న తన మీద అలిగాడనుకుంటుంది, రేపు వాళ్ళమ్మ బజారుకెళ్తానన్నా కొంగు వదలదు. ‘నిద్రపోయాడు’ అన్నా చిక్కే, రాత్రి కళ్ళు మూసుకోవడానికి భయపడే పిల్లలున్నారు.

పొద్దున టిఫిన్ తిన్నాక, వాళ్ళమ్మే ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పాలి. మీరు పక్కనుండండి. పడుకునే ముందు వద్దు. ‘నాన్న ఊరెళ్ళాడని చెప్పాం. అది నిజం కాదు. నువ్వు బాధపడతావని అలా అన్నాం, తప్పు మాది. నాన్న గుండెకి పెద్ద జబ్బు చేసి ఆగిపోయింది. నాన్న చనిపోయాడు. ఇక ఊపిరి తీసుకోడు, ఆకలి వేయదు, నొప్పి ఉండదు, తిరిగి రాడు.’ ఇంతే. ‘చనిపోయాడు’ అన్న మాట దాటేయొద్దు.

రెండు నిమిషాలు ఏడ్చి, బొమ్మలు తెచ్చుకుని ఆడుకోవచ్చు. పట్టనట్టు కాదు, ఆ వయసు పిల్లలు దుఃఖాన్ని కొంచెం కొంచెంగానే మోయగలరు. మర్నాడు మళ్ళీ ‘నాన్న ఎప్పుడొస్తాడు?’ అంటుంది. చావు శాశ్వతమన్నది అయిదేళ్ళకి ఒక్కసారిగా అర్థం కాదు. విసుక్కోకుండా అవే మాటలు మళ్ళీ చెప్పండి. తన అల్లరి వల్లే ఇలా అయిందని లోలోపల అనుకునే పిల్లలు ఎక్కువ. అందుకే అడగకముందే ‘నువ్వు చేసిన పని వల్లా, అన్న మాట వల్లా కాదు’ అనండి. ‘అమ్మా చచ్చిపోతుందా?’ అంటే, ‘ఎప్పటికీ పోదు’ అని ఒట్టు వేయొద్దు. ‘అమ్మ ఆరోగ్యంగా ఉంది, చాలా ఏళ్ళు నీతోనే ఉంటాననుకుంటోంది. ఎప్పుడైనా నిన్ను చూసుకోవడానికి అత్తా తాతయ్యా కూడా ఉన్నారు’ అనండి. పక్క తడిపితే తిట్టకుండా దుప్పటి మార్చండి. అన్నం, నిద్ర, బడి నుంచి తీసుకొచ్చే మనిషి రోజూ ఒకేలా ఉంటే చాలావరకు అదే తగ్గుతుంది.

నాకు ఎక్కువ దిగులు బాబు గురించే. కుండ భుజాన పెట్టుకుని తిరిగి, నిప్పు పెట్టిన చేతులవి. పెద్దకర్మ నాడు ‘ఇక ఇంటికి నువ్వే మగదిక్కు’ అని ఎవరో ఒకరు అనే ఉంటారు. ఆ మాట విన్న పిల్లాడు ఎలా ఏడుస్తాడు? ‘ఇల్లు చూసుకునే పని పెద్దవాళ్ళది. నీ పని బడి, ఆట’ అని వాళ్ళమ్మ నోటితోనే వినాలి. ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నిస్తే నోరు విప్పడు. కలిసి నడుస్తున్నప్పుడు ‘ఆ రోజు చేయించిన వాటిలో నీకు భయమేసింది ఏమిటి?’ అని అడగండి. మీ మరదలు బాత్‌రూమ్‌లో దాక్కుని ఏడవక్కర్లేదు. ‘నాన్న గుర్తొచ్చి ఏడుస్తున్నా, కాసేపటికి సర్దుకుంటా’ అంటే చాలు, వాడికీ ఏడవచ్చని తెలుస్తుంది.

క్లాస్ టీచర్‌కి కూడా విషయం చెప్పి, ఏడుపొస్తే ఎవరి దగ్గరికి వెళ్ళాలో అడిగి బాబుకి చెప్పండి. ప్రోగ్రెస్ కార్డు మీద ‘నాన్న సంతకం ఏదీ?’ అని అందరి ముందూ అడగకుండా చూడమనండి.

బాబు ‘నాన్న దగ్గరికి వెళ్ళిపోతా’ అంటే ఆ రోజే సైకియాట్రిస్టుకి చూపించండి. పాప ఆ మాట అంటే అది బెంగే కావచ్చు, అయినా ఏమనుకుంటోందో అడగండి. తిండి, బడి మానేసినా, ఆరు నెలలైనా బాధ ఇసుమంత తగ్గకపోయినా ఆలస్యం చేయొద్దు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇరవైనాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

ప్రశ్న: చనిపోయిన మా వారి బట్టలు, ఫోను ఇంట్లో ఉంచొద్దంటున్నారు. పిల్లలకి మంచిది కాదా?

జవాబు: ఉంచుకోండి. ఇచ్చేయాలనుకున్నా, ముందు పిల్లలని ఒక్కో వస్తువు ఎంచుకోనివ్వండి. ఒక చొక్కా ఉతక్కుండా కవర్లో దాచండి, ఆ వాసన కోసం అడిగే రోజొస్తుంది. ఫోను పని మాత్రం వెంటనే చూడండి. 120 రోజులు వాడని వాట్సాప్ ఖాతా తొలగిపోతుంది, రీఛార్జ్ లేని నంబరూ కొన్నాళ్ళకి పోతుంది. ఆయన గొంతున్న వాయిస్ మెసేజ్‌లు, వీడియోలు ఈ వారమే పెన్‌డ్రైవ్‌లోకి, ఇంకో ఫోన్లోకి ఎక్కించుకోండి.