ముగింపు కుదరడం లేదు, రచన నా కెరీర్ అవుతుందా?

ప్రశ్న: బీఏ చివరి ఏడాదిలో ఉన్నాను. అప్పులు చేసి ఇంట్లో అబద్ధాలు చెప్పే కుర్రాడి మీద హాస్య నవల రాస్తున్నాను. చివర్లో వాడికి లాటరీ తగిలిందంటే ఫ్రెండ్స్ నమ్మలేదు. చితికిపోయాడని రాస్తే నవ్వంతా పోయింది. నాకు ఈ దారి సరిపడుతుందా? నాన్న బీఈడీ చేయమంటున్నారు.

జవాబు: రెండు ముగింపులు రాసి, రెండూ కుదరలేదని ఒప్పుకున్నారు చూశారా, అది నాకు బాగా నచ్చింది. రాసింది కొట్టేయడానికి చాలామందికి మనసు రాదు.

ఇంగ్లిష్ రచయిత కింగ్‌స్లీ ఏమిస్ హాస్య నవల 'లక్కీ జిమ్' (1954) చదవండి. జిమ్ డిక్సన్ ఇంగ్లండ్‌లో ఓ యూనివర్సిటీలో హిస్టరీ లెక్చరర్. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాడు. తన డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్ ఇంటికి అతిథిగా వెళ్లి, తాగి పడుకుని, సిగరెట్‌తో పక్కబట్టలు కాల్చేస్తాడు. పొద్దున లేచి, కాలిన అంచుల్ని రేజర్ బ్లేడుతో కత్తిరిస్తాడు! తప్పు చేసి దాచబోయే మనిషి భయమంతా ఆ బ్లేడులో కనిపిస్తుంది. చివరికి అందరి ముందూ తాగిన మత్తులో ఉపన్యాసమిస్తూ కుప్పకూలతాడు. ఉద్యోగం పోతుంది.

అప్పుడు గోర్-అర్కర్ట్ అనే ధనవంతుడు అతనికి లండన్‌లో ఉద్యోగమిస్తాడు. పైకి ఇదీ లాటరీయే, అయినా నమ్ముతాం. ఉపన్యాసానికి ముందు జిమ్‌కి విస్కీ పోసింది ఆయనే. అన్నాళ్లూ లోపల వెక్కిరిస్తూ పైకి తలూపిన జిమ్ ఆ రోజు ముసుగు తీసేశాడు. ఉద్యోగం పోయిందీ అందుకే, వచ్చిందీ అందుకే. అలాగని బుద్ధిమంతుడైపోడు. ఆఖర్న ప్రొఫెసర్ కుటుంబం వీధిలో ఎదురైతే నవ్వాపుకోలేక మాటే రాదు.

మీ కుర్రాడి లాటరీకీ వాడి అబద్ధాలకీ సంబంధం లేదు. వాడు ఎవరి దగ్గర అబద్ధం చెప్పలేకపోతాడు? అక్కణ్నుంచి రాసి చూడండి.

ఇక కెరీర్. తెలుగులో నవలల మీదే బతకడం చాలా కష్టం, మీ నాన్నగారి టెన్షన్‌లో నిజముంది. టీచర్ ఉద్యోగం చేస్తూ రాసినవాళ్లు మనకు ఎందరో ఉన్నారు కాబట్టి బీఈడీని కొట్టిపారేయకండి. సాహిత్యమే చదవాలనుంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏకి సీయూఈటీ-పీజీ అనే ఎంట్రన్స్ రాయండి, హైదరాబాద్‌లోనే ఉన్న ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) కూడా చూడండి. సినిమాలకు, వెబ్ సిరీస్‌లకు రాయాలనుంటే పుణెలోని సినిమా, టీవీ శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో స్క్రీన్‌ప్లే కోర్సు ఉంది. డిగ్రీ ఉంటే ఎంట్రన్స్ రాయొచ్చు.

నాన్నగారితో మాట్లాడేముందు మొదటి పది పేజీలు ఆయనకు చదివి వినిపించండి. ఎక్కడ నవ్వారో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.