చక్రానికి ఆనుకున్న కాథరిన్ ముఖంలో ఉన్నది బాధేనా?

ప్రశ్న: ఇటలీ చిత్రకారుడు రఫేల్ సుద్దతో గీసిన సెయింట్ కాథరిన్ బొమ్మను ఒక పుస్తకంలో చూశాను. ఆమె పైకి చూసే తీరులో నాకు తీరని వేదన కనిపించింది. మా చర్చిలో ఒక పెద్దావిడ మాత్రం అది ఆనందమేనంటున్నారు. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీరు చూసినది ప్యారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న నల్ల సుద్ద చిత్రమై ఉండాలి. 1507 ప్రాంతంలో రఫేల్ వేసిన, ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న నూనెరంగుల చిత్రానికి అది ముందుగా గీసుకున్న నమూనా. దాని గీతల వెంట సూదితో పొడిచిన చిల్లులున్నాయి. మగ్గం పనివారు చిల్లుల కాగితం మీద పొడి అద్ది డిజైన్‌ను బట్ట మీదికి దించుకున్నట్టే, బొమ్మను చెక్కపలక మీదికి దించడానికి ఆ చిల్లులు. అంటే ఆ ముఖభావం చిత్రకారుడు బాగా ఆలోచించి ఖాయం చేసుకున్నదే.

అలెగ్జాండ్రియాకు చెందిన కాథరిన్ 50 మంది పండితులను వాదంలో ఓడించిందనీ, రోమన్ చక్రవర్తి మాక్సెంటియస్ ఆమెను మేకుల చక్రంతో చంపించబోతే ఆ చక్రమే విరిగిపోయిందనీ, చివరకు ఆమె తల నరికించాడనీ ఐతిహ్యం. ఇది తెలిసినవారికి ఆమె చూపులో కరుణరసం తోచడం సహజమే. అయితే ఆ కరుణ చాలావరకు కథ నుంచి మనం తెచ్చుకున్నదని నా అభిప్రాయం. మన ఆలంకారికులు చెప్పిన ఎనిమిది సాత్త్వికభావాల్లో, అంటే మనసులోని భావం ఒంటి మీద బయటపడే గుర్తుల్లో, అశ్రువు ఒకటి. ఇక్కడ కన్నీటి చుక్క లేదు. నొసలు ముడిపడలేదు. ఛాతీ మీద ఆనించిన చెయ్యి దేనినీ గట్టిగా పట్టుకోలేదు. అన్నిటికన్నా నన్ను ఆపినది మరో చెయ్యి: తనను చంపడానికి తెచ్చిన చక్రం మీదే, మన పెరటి గోడకు ఆనుకుని నిలబడినంత నింపాదిగా, ఆమె ఒరిగి ఉంది.

అలాగని పెద్దావిడ మాటను కూడా పూర్తిగా ఒప్పుకోలేను. ఆనందం దొరికినవారు అంతగా మెడ తిప్పి పైకి వెతకరు. ఆ చూపులో ఉన్నది ఆర్తి, అంటే ఇంకా అందనిదాని కోసం తపన. బాధకు దగ్గరి చుట్టమే గాని బాధ కాదు. మీ పుస్తకంలోని బొమ్మకు మెడ కింద ఒక కాగితం అడ్డుపెట్టి ముఖాన్ని మాత్రమే చూడండి, మీ మాటే నెగ్గినట్టు అనిపిస్తుంది. ఆ తరువాత కాగితం తీసి ఆ మోచేతిని చూడండి.