పాక్ జలసంధి ఈదబోతున్న మేనకోడలికి

చిరంజీవి సుమిత్రకు మామయ్య ఆశీస్సులు.

శ్రీలంకలోని తలైమన్నార్ నుంచి మన ధనుష్కోడి వరకు ఈదాలని నిశ్చయించుకున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు కుదురుగా కూర్చోబుద్ధి కావడం లేదు. 1966లో మిహిర్ సేన్, 2021లో మన గోలి శ్యామలగారు దాటిన నీళ్లలోకి మన ఇంటి పిల్ల దిగబోతున్నదంటే గర్వంగానే ఉంది. ముప్పై కిలోమీటర్ల దూరం చూసి నాకు భయం లేదు, ఎందుకంటే ఋషికొండ అలల్లో నీ భుజాల సత్తువ కళ్లారా చూశాను. అనుమతులు, పడవ, ప్రవాహాల లెక్క, ఆహారం నీ కోచ్ చూసుకుంటారు. నేను రాయదలచుకున్నది కుట్టే జీవాల గురించి మాత్రమే.

జెల్లీఫిష్ నిన్ను వెంటాడి కుట్టదు. అది ప్రవాహంతో పాటు తేలిపోతూ ఉంటుంది, నువ్వే వెళ్లి దాని తీగలకు తగులుతావు. ఆ తీగల నిండా కంటికి కనిపించనంత చిన్న తిత్తులుంటాయి. ఒక్కొక్క తిత్తిలో విషపు దారం స్ప్రింగులా చుట్టుకొని ఉండి, చర్మం తగలగానే రెప్పపాటు కంటే తక్కువ కాలంలో బయటికి దూసుకువస్తుంది. అయితే తీగ నీ చేతికి అతుక్కున్నప్పుడు అందులోని తిత్తులన్నీ ఒకేసారి పేలవు. చాలా భాగం పేలకుండా అలాగే ఉండిపోతాయి, తరువాత మనం చేసే పనిని బట్టి పేలుతాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చి చచ్చిపడిన జెల్లీఫిష్‌ను ముట్టుకున్నా కుట్టేది ఇందుకే. మన విశాఖ తీరంలో అప్పుడప్పుడు కనిపించే నీలి బిళ్లల్లాంటి జీవులను కూడా ముచ్చటపడి చేతిలోకి తీసుకోవద్దు.

ఈ తిత్తుల సంగతి తెలియక జరిగిన ఒక పొరపాటును నీకు వివరంగా చెప్పాలి. నా వయసులో ఉన్న ఒక మిత్రుడు, నాకంటే మంచి ఈతగాడు, ఒక వేసవి తెల్లవారుజామున భీమిలి వైపు నాతో పాటు ఈదుతున్నాడు. ఇంకా వెలుతురు రాలేదు. ఉన్నట్టుండి అతను కేక పెట్టి ఆగిపోయాడు. పడవలోకి లాగి లాంతరు పెట్టి చూస్తే మెడ పక్క నుంచి మోచేతి దాకా కొరడాతో కొట్టినట్టు ఎర్రటి చారలు, ఆ చారల్లో పూసలు గుచ్చినట్టు చిన్న చిన్న పొక్కులు. పడవలో ఉన్నవాళ్లందరూ అతని మేలు కోరేవాళ్లే. ఒకరు తాగే నీళ్ల బిందె ఎత్తి అతని మీద పోశారు. ఇంకొకరు తువ్వాలుతో గట్టిగా రుద్దారు. అంతవరకు పళ్ల బిగువున ఓర్చుకున్న మనిషి అప్పుడు పెట్టిన కేక నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. మంచినీళ్లు తగిలితే పేలకుండా మిగిలిన తిత్తులు కూడా పేలుతాయని, రుద్దితే వాటిని మనమే చర్మంలోకి నొక్కినట్టవుతుందని ఆ పడవలో ఎవరికీ తెలియదు.

అంతకంటే పెద్ద పొరపాటు అతనే చేశాడు. పది నిమిషాలు కూర్చొని, "ఏమీ లేదు, తగ్గిపోయింది" అంటూ మళ్లీ నీళ్లలోకి దూకాడు. అతని పౌరుషం చూసి అందరూ మెచ్చుకున్నారు. కొంతసేపటికి పడవ నడిపే జాలరి పెద్దాయన పిలిస్తే బొంగురు గొంతుతో ఒక్క ముక్క మాత్రం పలికింది. రెండోసారి పిలిస్తే తల ఊపాడు. మూడోసారి ఆ పెద్దాయన పిలవలేదు, తెడ్డు వదిలి నేరుగా అతని చంక కింద చెయ్యి వేసి పైకి లాగేశాడు. పెదవులు వాచిపోయి ఉన్నాయి, ఊపిరి పీల్చినప్పుడల్లా ఈల వేసినట్టు శబ్దం వస్తోంది. ఆసుపత్రికి సమయానికి చేర్చగలిగారు కాబట్టి బతికాడు. ఆ నొప్పి అతన్ని ఏమీ చేయలేకపోయింది. నోరు తెరిచి చెప్పకపోవడమే అతన్ని చావు అంచుకు తీసుకువెళ్లింది. నీకు కూడా చిన్నప్పటి నుంచి ఆ మొండితనం ఉంది. వేలు తెగినా చెప్పకుండా పరికిణీలో చుట్టుకొని తిరిగిన పిల్లవు నువ్వు. అందుకే నాకు ఇంత ఆదుర్దా.

కాబట్టి పడవలో ఒక నియమం పెట్టించు. ఆహారం అందించడానికి ఆగిన ప్రతిసారీ నీ చేత ఒక పూర్తి వాక్యం చెప్పించాలి. తల ఊపితే, బొటనవేలు చూపిస్తే ఒప్పుకోకూడదు. వాక్యం ఒక్క ఊపిరిలో పూర్తి కాకపోయినా, గొంతు మారినా, ముఖం వాచినా, ఛాతీ బిగుసుకున్నా నిన్ను పైకి లాగే అధికారం ఒకే ఒక మనిషి చేతిలో ఉండాలి, ఆ నిర్ణయానికి నీ అనుమతి అవసరం ఉండకూడదు. పడవను పట్టుకుంటే సాధారణంగా ఆ ఈత లెక్కలోకి రాదు. రాకపోతే పోనీ, మరుసటి ఏడు మళ్లీ ఈదవచ్చు. కొన్ని బాక్స్ జెల్లీఫిష్ జాతులు కుట్టినచోట మొదట పెద్దగా నొప్పి ఉండదు, అరగంట తరువాత నడుము నొప్పి, కండరాల పోట్లు, వాంతులు, అకారణమైన భయం మొదలవుతాయి. అందువల్ల తగిలిన వెంటనే కేక వేసి చెప్పు, పడవవాళ్లు ఆ వేళను కాగితం మీద రాసుకుంటారు.

పడవలో తీవ్రమైన అలెర్జీకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షను, దానిని వాడడం తెలిసిన వైద్యుడు తప్పక ఉండాలి. పైకి తీశాక శ్వాస బాగుంటే చేయవలసింది ఇది: తీగలు కనిపిస్తే వినెగర్‌ను కనీసం అర నిమిషం పాటు ధారగా పోసి, పట్టకారుతో తీగలు తీసి, ఆ తరువాత కుట్టిన చోటును 45 డిగ్రీల వేడినీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచాలి. బాధలో ఉన్న మనిషికి వేడి సరిగా తెలియదు కాబట్టి సాయం చేసేవాళ్లు ముందు ఆ నీళ్లు తమ చేతికి పోసుకొని చూడాలి. నీలి గాలిబుడగతో తేలే జీవి కుట్టిందని స్పష్టంగా తెలిస్తే మాత్రం వినెగర్ విషయంలో వైద్యులలో భిన్నాభిప్రాయాలున్నాయి; ఆస్ట్రేలియా పద్ధతి ప్రకారం సముద్రపు నీటితో కడిగి వేడినీళ్లు వాడతారు. చీకట్లో ఏది తగిలిందో తెలియనప్పుడు ఈ వెచ్చటి సముద్రాల్లో వినెగర్ వైపే మొగ్గాలి. మూత్రం, సారాయి, ఇసుక అంటూ సలహాలిచ్చేవారు ప్రతి ఒడ్డునా ఉంటారు, దగ్గరికి రానివ్వకు.

నీళ్లలో ఉండగా తీగ తగిలితే చేత్తో తుడవకు, ఆ చేత్తో కళ్లద్దాలు అసలే సర్దుకోకు. ఒళ్లంతా కప్పే పలుచని లైక్రా దుస్తులు వేసుకుంటే చాలావరకు రక్షణ ఉంటుంది, అయితే నువ్వు ఏ నియమాల కింద ఈదుతున్నావో ముందుగా అడిగి తెలుసుకో. 2013లో అరవై నాలుగేళ్ల డయానా నయాద్ క్యూబా నుంచి ఫ్లోరిడాకు ఈదినప్పుడు రాత్రిపూట ముఖానికి కూడా తొడుగు వేసుకున్నారు. అంతకుముందు ప్రయత్నాల్లో జెల్లీఫిష్ కుట్లు ఆమెను ఎంతగా బాధించాయో లోకానికి తెలుసు. వాసెలిన్ ఒరిపిడికి పనికొస్తుంది, కుట్లను ఆపుతుందనుకోకు. తరచుగా కుట్టించుకుంటే ఒళ్లు అలవాటు పడుతుందని ఎవరైనా అంటే నమ్మవద్దు, కొందరికి అలెర్జీ అలా కుట్టించుకోవడం వల్లనే ముదురుతుంది. ఒడ్డుకు చేరాక మంచినీటి స్నానానికి ముందే ఈత దుస్తులు విప్పేయి, వాటి లోపల చిక్కుకున్న సూక్ష్మమైన జెల్లీఫిష్ పిల్లలు (లార్వాలు) మంచినీళ్లు తగలగానే కుడతాయి.

సముద్రపు పాము కనిపిస్తే కదిలించకుండా నీ దారిన పో. కాటు నొప్పి లేకపోయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. నాకు అసలు దిగులు ధనుష్కోడి ఒడ్డు గురించి. అలసిపోయి, ఒడ్డున జనం చప్పట్లు కొడుతుంటే నువ్వు ఆనందంతో లేచి పరుగెత్తుతావు. అక్కడి లోతు తక్కువ ఇసుకలో తోకలో విషపు ముల్లుండే టేకు చేప పడుకొని ఉండవచ్చు. పాదం ఎత్తకుండా ఇసుకను తోసుకుంటూ నడిస్తే అదే తప్పుకుంటుంది. దాని ముల్లు కాలికి గుచ్చుకుంటే వేడినీళ్లలో గంటకు పైగా ఉంచాలి, కడుపులోనో ఛాతీలోనో దిగితే మాత్రం వైద్యుడు వచ్చేదాకా ముల్లును లాగకూడదు. వలల్లోంచి పారేసిన జెల్ల చేపల ముళ్లు కూడా ఇసుకలో ఉంటాయి, కాబట్టి నీళ్ల అంచుకే చెప్పులు తెమ్మని ఎవరికైనా చెప్పి ఉంచు.

ఫ్లాస్కులు, థర్మామీటరు, రెండు లీటర్ల వినెగర్ నేనే తెస్తాను. రామేశ్వరం వచ్చే తేదీ ఖరారు కాగానే ఉత్తరం ముక్క రాయి. నిన్ను పైకి లాగే అధికారం ఎవరికిచ్చావో ఆ పేరు కూడా అందులో రాయి, నేను వారితో ముందే మాట్లాడుకోవాలి.

ఇట్లు,
మీ మామయ్య